సోరోరిటీ గడప దగ్గర సిఫారసు లేఖ

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో, హైస్కూలు చివరి ఏడాది చదువుతున్న అమ్మాయిలున్న కొన్ని ఇళ్లలో, వసంతకాలం రాకముందే ఒక పట్టిక తయారవుతూ వచ్చింది. ఆ అమ్మాయి చేరబోయే విశ్వవిద్యాలయంలో ఉన్న సోరోరిటీలనే విద్యార్థినుల సంఘాల పేర్లు ఒక వరసలో ఉంటాయి. వాటికి ఎదురుగా, ఒకప్పుడు ఆ సోరోరిటీలో సభ్యురాలిగా ఉండి ఇప్పుడు ఈ కుటుంబానికి ఏదో ఒక దారిన పరిచయమున్న స్త్రీ పేరు రాస్తారు. తల్లి స్నేహితురాలు, చర్చిలో కనబడే పెద్దావిడ, పిల్లల డాక్టరు, తండ్రి ఆఫీసులో పనిచేసే ఆవిడ, చిన్నప్పటి టీచరు ఇలా ఒక్కొక్కరే గుర్తుకొస్తారు. కొన్ని పేర్ల ఎదుట గడి ఖాళీగా మిగులుతుంది. వేసవి ముగిసేలోగా ఆ ఖాళీలన్నీ నింపాలి, ఎందుకంటే ఆగస్టులో తరగతులు మొదలయ్యే ముందే సోరోరిటీల ఎంపిక మొదలవుతుంది, అప్పటికి ఒక్కో సోరోరిటీకి కనీసం ఒక పూర్వ సభ్యురాలి సిఫారసు లేఖ చేరి ఉండాలన్నది దశాబ్దాలుగా అక్కడ నడిచిన ఆనవాయితీ.

సోరోరిటీ అంటే విద్యార్థినుల సంఘమే కానీ, మన కళాశాలల్లోని విద్యార్థి సంఘాలతోనో హాస్టళ్లతోనో దానికి సరైన పోలిక కుదరదు. గ్రీకు అక్షరాలతో పేరు, రహస్యంగా జరిగే దీక్షా కార్యక్రమం, చాలాచోట్ల సొంత భవనం, జాతీయ స్థాయిలో ఒక కేంద్ర కార్యాలయం, ఒక్కో విశ్వవిద్యాలయంలో చాప్టర్ అనే శాఖ దీని లక్షణాలు. 1867లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని మన్మత్ కళాశాలలో మొదలై తరువాత పై బీటా ఫై అయిన సంఘం, 1870లో ఇండియానాలో పుట్టిన కప్పా ఆల్ఫా థీటా వంటివి తొలితరం సంస్థలు. 1902లో వీటిలో కొన్ని కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ అనే ఆ సమాఖ్యలో ఇప్పుడు 26 సోరోరిటీలున్నాయి. సభ్యత్వం నాలుగేళ్ల చదువుతో ముగిసేది కాదు, జీవితాంతం ఉంటుంది. పట్టా పుచ్చుకుని వెళ్లిన స్త్రీ ఊరు మారినా, ఇంటిపేరు మారినా ఆ సంఘం సభ్యురాలే. కాబట్టి కొత్తవారి ఎంపికలో ఆమెకు ఒక మాట ఉండాలన్న భావన ఈ నిర్మాణంలోనే ఇమిడి ఉంది. ఆ మాటకు కాగితం మీది రూపమే సిఫారసు లేఖ. అందరూ దాన్ని పొట్టిగా ‘రెక్’ అంటారు.

లేఖ అన్నామే కానీ, అసలు పత్రం చాలావరకు ఒక ఫారం. అమ్మాయి పేరు, హైస్కూలు, మార్కుల సగటు, చేసిన సేవా కార్యక్రమాలు, వహించిన బాధ్యతలు, కుటుంబంలో ఈ సోరోరిటీకి చెందినవారు ఎవరైనా ఉన్నారా అన్న ప్రశ్న, ఈమెను మీరు ఎంతకాలంగా, ఎలా ఎరుగుదురు అన్న మరో ప్రశ్న, చివర సిఫారసు చేసే ఆవిడ తన అభిప్రాయం రాయడానికి నాలుగైదు వాక్యాల జాగా అందులో ఉంటాయి. కొన్ని సంస్థల పాత ఫారాల్లో ‘సిఫారసు చేయడం లేదు’ అని గుర్తు పెట్టే గడి కూడా ఉండేది. ఇప్పుడు ఇదంతా కేంద్ర కార్యాలయపు వెబ్‌సైటులో, పూర్వ సభ్యురాలు తన సభ్యత్వ ఖాతాతో లోపలికి వెళ్లి నింపే వ్యవహారం. అంతకుముందు పోస్టులో నడిచేది. ఫారం పంపే బాధ్యత పూర్వ సభ్యురాలిదే అయినా దానికి కావలసిన సరంజామా సమకూర్చే శ్రమ అమ్మాయి కుటుంబానిది. ఒక్కో సోరోరిటీకి ఒక్కో ఫోల్డరు. అందులో ఒక పేజీ రెజ్యూమే, మార్కుల జాబితా నకలు, ముఖం మాత్రమే కనిపించే ఫొటో ఒకటి, నిలువెత్తు ఫొటో ఒకటి, చాప్టర్ చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరు, ఆ పైన అభ్యర్థనగా చేతిరాతతో ఒక చీటీ. పని పూర్తయ్యాక కృతజ్ఞతలు చెబుతూ మళ్లీ చేతిరాతతోనే మరో కార్డు. అమ్మాయి గుణగణాలను తెలిపే రహస్య నివేదికగా పేరుపడ్డ పత్రం వెనుక, ఆ నివేదికలోని వాక్యాలకు ముడిసరుకంతా అమ్మాయి ఇంటి నుంచే వచ్చి ఉంటుంది.

ఇంత శ్రమ దేనికోసమన్నది అర్థం కావాలంటే ఎంపిక వారం ఎలా నడుస్తుందో చూడాలి. టస్కలూసాలోని అలబామా విశ్వవిద్యాలయాన్నే తీసుకుందాం. ఈ విషయంలో అది దేశంలోకెల్లా పెద్ద కేంద్రాల్లో ఒకటి, 2021లో టిక్‌టాక్ వీడియోల పుణ్యమా అని ప్రపంచమంతా దాని పేరు విన్నది. అక్కడ ఇటీవలి సంవత్సరాల్లో ఒక్కో ఆగస్టులో 2,500 మంది దాకా అమ్మాయిలు ఎంపికకు నమోదు చేసుకుంటున్నారు. తొలి విడతలో ప్రతి అమ్మాయినీ ప్రతి సోరోరిటీ పరిచయం చేసుకోవాలి. ఆ తరువాత విడత విడతకూ ఇరువైపులా జాబితా కుదించుకుంటూ పోతారు: అమ్మాయిలు తమకు నచ్చినవాటిని వరుసలో పెడతారు, సోరోరిటీలు తమకు కావలసినవారిని మళ్లీ పిలుస్తాయి. సేవా కార్యక్రమాల విడత, సహోదరీభావం గురించిన విడత, చివరగా ప్రిఫరెన్స్ అనే గంభీరమైన విడత ముగిశాక, చేరమన్న ఆహ్వానాలు అందే బిడ్ డే నాడు బ్రయంట్-డెన్నీ స్టేడియంలో అందరూ ఒకేసారి కవర్లు విప్పి, తమను చేర్చుకున్న భవనం వైపు పరుగులు తీస్తారు.

ఇక్కడ కాస్త లెక్క వేయాలి. సోరోరిటీలు 15 మాత్రమే అనుకున్నా, 2,500 మంది అమ్మాయిలతో తొలి విడతలో జరగవలసిన పరిచయాలు 37,500. ఒక్కో సంభాషణకు దక్కేది నిమిషాలే. ఆ నిమిషాల్లో ఏ ఊరు, ఏ కోర్సు, వేసవి ఎలా గడిచింది అన్న నాలుగు మాటలు తప్ప దొర్లేవి లేవు. అవతల మాట్లాడుతున్నది 19, 20 ఏళ్ల అమ్మాయి. అదే పూట ఆమె ఇలాంటి ఎందరితోనో మాట్లాడి, రాత్రికి వారికి మార్కులు వేయాలి. ఏ సంస్థ అయినా ఇంత రద్దీలో మనుషులను ఎంచవలసి వస్తే, ఎదుటి మనిషి కంటే ముందే చేతికొచ్చిన కాగితం మీద ఆధారపడుతుంది. వేసవి పొడుగునా వచ్చిన లేఖలను చాప్టర్ సభ్యులు ముందుగా విడదీసి, మార్కుల కనీస హద్దు దాటనివారిని పక్కన పెట్టి, తెలిసిన కుటుంబాల నుంచి వచ్చినవారిని గుర్తు పెట్టుకుని, ఎవరిని ఎవరు పలకరించాలో కూడా నిర్ణయించుకుని ఉంటారు. తలుపు తెరిచేసరికి జల్లెడ సగం పని ముగించి ఉంటుంది.

ఈ జల్లెడ బిగిసిపోవడానికి ఒక సంస్కరణ కూడా తోడ్పడిందని చెప్పాలి. పేరున్న సోరోరిటీలు తమకు అక్కరలేని అమ్మాయిలను సైతం చివరిదాకా పిలుస్తూ, ఆఖరున వదిలేయడం వల్ల ఎందరో చివరకు ఎక్కడా చేరలేక మిగిలిపోయేవారు. దీన్ని అరికట్టడానికి 2003లో పాన్‌హెలెనిక్ సమాఖ్య ఒక గణిత పద్ధతిని ప్రవేశపెట్టింది. వెనకటి సంవత్సరాల్లో ఒక చాప్టర్ ఆహ్వానాలను ఎంతమంది అంగీకరించారో చూసి, ఈ ఏడాది ఏ విడత తరువాత ఎంతమందిని పిలవవచ్చో ఆ పద్ధతి నిర్ణయిస్తుంది. గిరాకీ ఎక్కువ ఉన్న చాప్టర్ తొలి విడతలలోనే పెద్ద సంఖ్యలో వదులుకోవాలి. అమ్మాయిల వైపు నుంచి చూస్తే ఇది మేలే, వృథా ఆశలు తగ్గాయి, చోటు దొరికేవారి సంఖ్య పెరిగింది. అయితే దాని పర్యవసానం ఒకటి అంతగా చర్చకు రాలేదు. మనిషిని సరిగా చూడకముందే వందల మందిని వదులుకోవాల్సిన చాప్టర్ దేన్ని బట్టి వదులుకుంటుంది? చేతిలో ఉన్నది కాగితమే. ఎంపికను క్రమబద్ధం చేసిన నియమమే లేఖ విలువను పెంచింది. రెండు పక్షాల ఇష్టాలను జతకూర్చే పద్ధతులపై పరిశోధనకు 2012లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న ఆల్విన్ రాత్, అంతకు చాలా ముందే, 1991లో, మరొకరితో కలిసి సోరోరిటీల ఎంపిక పద్ధతి మీద వ్యాసం రాశారంటే ఈ తంతు ఎంత జటిలమైనదో ఊహించవచ్చు.

దేశమంతటా ఒకే తీరు లేదన్నది గమనించవలసిన విషయం. ఉత్తరాది, పశ్చిమ రాష్ట్రాల చాలా విశ్వవిద్యాలయాల్లో లేఖలు లేకుండానే అమ్మాయిలు చేరేవారు, ఇప్పటికీ చేరుతున్నారు. అలబామా, మిసిసిపీ, టెక్సస్, ఒక్లహోమా, ఆర్కన్సా వంటి చోట్ల మాత్రం లేఖ లేని అమ్మాయి వెనుకబడినట్టే లెక్కగా ఉండేది. కొన్నిచోట్ల సోరోరిటీకి ఒకటి చాలదు, రెండుండాలి అనేవారు. తేడాకు కారణం సంప్రదాయాభిమానం ఒక్కటే కాదు. డ్యూక్, వాండర్‌బిల్ట్ వంటి విశ్వవిద్యాలయాల్లో ఎంపిక ఆగస్టులో కాక జనవరిలో జరుగుతూ వచ్చింది. అప్పటికి అమ్మాయిలు ఒక సెమిస్టరు చదివి ఉంటారు, వారి కళాశాల మార్కులు తెలుస్తాయి, తరగతుల్లోనూ భోజనశాలల్లోనూ ముఖపరిచయాలు ఏర్పడతాయి. మనిషే కళ్ల ముందు తిరుగుతుంటే మూడో మనిషి వాంగ్మూలానికి పని తగ్గుతుంది. కళాశాలలో అడుగు పెట్టకముందే ఎంపిక జరిగే చోట, చాప్టర్‌కు తెలియని మనిషి గురించి హామీ ఇచ్చేవారు కావాలి.

ఇంతవరకు చెప్పింది లేఖ చేసే మొదటి పని: సమాచారం అందించడం. రెండో పని దానికంటే పాతది, లోతైనది. చాప్టర్‌లో ఓటు వేసేది విద్యార్థినులే. అయితే వారు నాలుగేళ్లలో వెళ్లిపోతారు. భవనం, నిధులు, పేరు, సలహాదారుల పదవులు పూర్వ సభ్యురాళ్ల చేతిలో ఉంటాయి. ప్రతి కొత్త సభ్యురాలికీ ఒక పూర్వ సభ్యురాలి సిఫారసు తప్పనిసరి అన్న నియమం ఉన్నప్పుడు, విద్యార్థినుల ఓటుకు ముందే పెద్దల చేతిలో ఒక కళ్లెం ఉన్నట్టే. ఎవరికి లేఖ రాయాలో ఎంచుకునే స్వేచ్ఛ వారిదైనప్పుడు, ఎవరికి రాయకూడదో ఎంచుకునే స్వేచ్ఛ కూడా వారిదే. వద్దని ఎవరూ నోరు తెరిచి చెప్పనక్కరలేదు. లేఖ రాదు, అంతే.

ఈ మౌనం ఎంత శక్తిమంతమైనదో 20వ శతాబ్దం మధ్యలో బయటపడింది. అప్పట్లో ఎన్నో ఫ్రెటర్నిటీల (మగ విద్యార్థులకుండే ఇలాంటి సంఘాల), కొన్ని సోరోరిటీల నిబంధనల్లో జాతి, మత వివక్ష రాతపూర్వకంగానే ఉండేది. రాత లేనిచోట ఆచారం ఆ పని చేసేది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత విశ్వవిద్యాలయాలు ఆ నిబంధనలను తీసేయమని ఒత్తిడి తెచ్చాయి. న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయం 1953లో తమ ప్రాంగణాల్లోని సంఘాలు జాతీయ సంస్థలతో సంబంధం తెంచుకోవాలని ఆదేశించింది, మరుసటి ఏడాది ఆ ఆదేశం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి నిలిచింది. 1956లో కార్నెల్, టఫ్ట్స్ విశ్వవిద్యాలయాల్లోని సిగ్మా కప్పా చాప్టర్లు నల్లజాతి విద్యార్థినులను చేర్చుకున్నాక జాతీయ సంస్థ ఆ రెంటినీ సస్పెండ్ చేసింది. నిబంధనల్లోంచి వివక్ష వాక్యాలు క్రమంగా పోయాయి. తప్పనిసరి సిఫారసు పోలేదు. అప్పటి పూర్వ సభ్యురాళ్లందరూ తెల్లజాతివారే అయిన సంఘంలో, వారి పరిచయాలూ అదే పరిధిలో ఉన్న సమాజంలో, ‘పూర్వ సభ్యురాలికి తెలిసిన అమ్మాయి అయి ఉండాలి’ అన్న షరతు ఒక్కటి ఉంటే మరో వివక్ష వాక్యం అవసరమే ఉండదు. 1960ల నుంచి కొన్ని విశ్వవిద్యాలయాలు ఈ తప్పనిసరి సిఫారసులనే ప్రశ్నించడం అందుకే. చట్టం మాత్రం ఈ సంఘాల సభ్యత్వాన్ని ప్రైవేటు వ్యవహారంగానే చూసింది. విద్యాసంస్థల్లో లింగవివక్షను నిషేధించిన 1972 నాటి టైటిల్ నైన్ చట్టం నుంచి సామాజిక ఫ్రెటర్నిటీలు, సోరోరిటీల సభ్యత్వ నియమాలను 1974లో సవరణ ద్వారా మినహాయించారు.

ఈ సంగతి పాతకాలపు ముచ్చటగా మిగిలిపోలేదు. 1963 జూన్‌లో ఇద్దరు నల్లజాతి విద్యార్థులు అలబామా విశ్వవిద్యాలయంలో చేరకుండా గవర్నర్ జార్జ్ వాలస్ స్వయంగా ద్వారానికి అడ్డంగా నిలబడ్డాడు. సరిగ్గా 50 ఏళ్ల తరువాత, 2013 సెప్టెంబరులో, ఆ విశ్వవిద్యాలయపు విద్యార్థి పత్రిక ‘ది క్రిమ్సన్ వైట్’ ఒక కథనం ప్రచురించింది. మంచి మార్కులు, మంచి కుటుంబ నేపథ్యం ఉన్న ఒక నల్లజాతి విద్యార్థినిని చేర్చుకోవాలని కొన్ని చాప్టర్ల సభ్యులు కోరుకున్నా పూర్వ సభ్యురాళ్లు అడ్డుపడ్డారని ఆ పత్రికతో సభ్యులే చెప్పారు. అడ్డుపడిన వారి వైపు నుంచి వినిపించిన కారణాల్లో సిఫారసు లేఖల నిబంధన ఒకటి. విద్యార్థులు, అధ్యాపకులు ప్రాంగణంలో ఊరేగింపు తీశారు. అప్పటి అధ్యక్షురాలు జూడీ బానర్, ఎంపిక గడువు ముగిసినా సభ్యులను చేర్చుకునేలా సోరోరిటీలను ఆదేశించాక, కొద్దిరోజుల్లోనే కొన్ని చాప్టర్లు నల్లజాతి విద్యార్థినులను ఆహ్వానించాయి.

ఆ ఉదంతంలో అందరి చూపూ జాతి వివక్ష మీద నిలిచింది, నిలవవలసిందే. అయితే పద్ధతి దృష్ట్యా అంతే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. కాదన్న పెద్దలు ‘ఆమె నల్లజాతి పిల్ల కనుక’ అనలేదు, ‘కాగితాలు సరిగా లేవు’ అన్నారు. ఏ కార్యాలయంలో పని తప్పించుకోవాలన్నా ఇదే మాట వాడతారన్నది తెలుగు పాఠకుడికి వేరే చెప్పనక్కరలేదు. పైగా మన దగ్గర సిఫారసు అన్నది చాటుమాటుగా, ఎవరి చేతనో ఫోను చేయించుకుని నడిపించే పని. అక్కడ దానికి ఫారం ఉంది, గడువు ఉంది, అడగడంలో మర్యాదలున్నాయి. బాహాటంగా ఉండటం వల్ల అది నిష్పక్షపాతంగా కనబడుతుంది. అందరికీ ఒకే నియమం కదా అనిపిస్తుంది. కానీ తల్లి, అమ్మమ్మ, మేనత్త అదే సంఘాల్లో తిరిగిన ఇంటి అమ్మాయికి పదిహేను లేఖలంటే పదిహేను ఫోన్లు. మరో రాష్ట్రం నుంచో, పల్లె నుంచో, కాలేజీ గడప తొక్కని కుటుంబం నుంచో వచ్చిన అమ్మాయికి పదిహేను మంది అపరిచితుల గుమ్మాలు.

ఈ ఇబ్బంది సోరోరిటీలకు తెలియదనుకోకూడదు. డాలస్, హ్యూస్టన్, బర్మింగ్‌హామ్ వంటి నగరాల్లో పూర్వ సభ్యురాళ్లంతా కలిసి నడిపే ఆలమ్నీ పాన్‌హెలెనిక్ సంఘాలున్నాయి. ఇవి వసంతంలో సమాచార సభలు పెట్టి, పరిచయాలు లేని అమ్మాయిలకు లేఖ రాయగలవారిని వెతికిపెట్టే పని కూడా చేస్తూ వచ్చాయి. జీతం భత్యం లేని ఈ సేవలో నిజమైన ఔదార్యం ఉంది. ఒక పెద్దావిడ ముక్కూమొహం తెలియని పిల్లను కాఫీకి పిలిచి, అరగంట మాట్లాడి, తిరిగివెళ్లి శ్రద్ధగా ఫారం నింపడం మామూలే. అయితే ఆ ఔదార్యమే లేఖ అసలు తర్కాన్ని దెబ్బతీస్తుంది. ఏళ్ల తరబడి ఎరిగిన మనిషి ఇచ్చే హామీ కనుక దానికి విలువ అన్నారు. అరగంట పరిచయంతో, అమ్మాయి తానే రాసుకున్న రెజ్యూమేను చూసి నింపిన ఫారంలో చాప్టర్‌కు కొత్తగా తెలిసేది ఏముంది? ‘ఈ కుటుంబం లేఖ సంపాదించుకోగలిగింది’ అన్న ఒక్క విషయం తెలుస్తుంది. లేఖలోని మాటల కంటే లేఖ వచ్చిందా లేదా అన్నదే సమాచారంగా మారిపోయిన చోట, అది గుణానికి కొలత కాదు, పలుకుబడికి కొలత.

పద్ధతిని సమర్థించేవారి వాదనలోనూ బలం లేకపోలేదు. బిడియస్తురాలైన అమ్మాయి ఐదు నిమిషాల సంభాషణలో రాణించలేదు. ఆమె చెల్లెళ్లను ఎలా సాకిందో, చదువులో ఎంత నిలకడగా ఉందో చెప్పగల మనిషి ఒకరు ముందుగా చాప్టర్ చెవిన వేయకపోతే, అందచందాలూ మాటకారితనమూ ఉన్నవారే నెగ్గుతారు. నిజంగా ఎరిగినవారు నిజాయితీగా రాసిన లేఖ ఈ పని చేయగలదు, చేసింది కూడా. జీవితాంతం కలిసి నడవాల్సిన సంఘం తన సభ్యులను తానే విచారించుకోవడం తప్పు కాదన్న వాదననూ కొట్టిపారేయలేం. చిక్కల్లా అలాంటి లేఖలు ఎవరికి దొరుకుతాయన్న దగ్గరే ఉంది.

లేఖతో పాటు ‘లెగసీ’ అనే మరో ఆనవాయితీ కూడా నడిచింది. తల్లి, అమ్మమ్మ లేదా నాయనమ్మ, అక్క ఒక సోరోరిటీ సభ్యురాలైతే ఆ అమ్మాయికి అక్కడ ప్రత్యేక పరిగణన ఉండేది. తొలి విడత తరువాత ఆమెను తప్పక మళ్లీ పిలవాలని, చివరి విడతకు పిలిస్తే జాబితాలో పైన పెట్టాలని పలు సంస్థల్లో నియమాలుండేవి. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు పోలీసు చేతిలో హత్యకు గురయ్యాక దేశమంతటా రేగిన నిరసనల వేడి గ్రీకు సంఘాలనూ తాకింది. కొన్ని విశ్వవిద్యాలయాల్లో సభ్యులే ఈ సంఘాలను రద్దు చేయాలని ఉద్యమించారు. ఆ ఏడాది మొదలుకొని ఒకదాని తరువాత ఒకటిగా అనేక జాతీయ సోరోరిటీలు లెగసీ ప్రాధాన్యాన్ని తొలగించాయి, తప్పనిసరి సిఫారసు నియమాన్ని ఎత్తేశాయి లేదా ఐచ్ఛికం చేశాయి. దశాబ్దాల అలవాటు రెండు మూడేళ్లలో, కనీసం కాగితం మీద, కరిగిపోయింది.

కాగితం పోయింది కానీ 37,500 పరిచయాలు పోలేదు. తొలి విడత తరువాత వందల మందిని వదులుకోవాలన్న లెక్కా పోలేదు. కాబట్టి వడపోతకు మరో ఆధారం కావాలి, దొరికింది కూడా. అమ్మాయిల ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలను చాప్టర్లు వేసవిలోనే చూస్తాయని అందరికీ తెలుసు. అందుకే హైస్కూలు చివరి ఏడాదిలోనే ఆ ఖాతాలను సంస్కరించుకుంటారు. తమను తాము పరిచయం చేసుకునే చిన్న వీడియో పంపడం కోవిడ్ కాలంలో మొదలై చాలాచోట్ల స్థిరపడింది. వేల డాలర్లు పుచ్చుకుని దుస్తుల నుంచి సంభాషణ దాకా తర్ఫీదునిచ్చే కన్సల్టెంట్ల వ్యాపారం బాగా పుంజుకుంది. లేఖకు కావలసింది తల్లికి పరిచయాలు. వీడియోకు, ఖాతాకు కావలసింది మంచి వెలుతురు, మంచి దుస్తులు, విహారయాత్రలు, చుట్టూ నవ్వే స్నేహితులు. రెండింటిలో ఏది ఎక్కువ న్యాయమైనదో చెప్పడం తేలిక కాదు. నాయనమ్మ పరిచయాలను డబ్బు పెట్టి కొనలేని కుటుంబం కన్సల్టెంటును కొనగలదు, ఆ మేరకు దారి వెడల్పయింది. పెద్దావిడ ఒకరు పూచీ పడితే నెగ్గగలిగిన ఆ బిడియస్తురాలికి మాత్రం ఇది కొత్త నష్టం.

ఐచ్ఛికం అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. పోటీ ఉన్నచోట ఐచ్ఛికమైనదేదీ చాలాకాలం ఐచ్ఛికంగా ఉండదు. పక్కింటి అమ్మాయి లేఖలు తెప్పించుకుంటోందని తెలిసిన తల్లి, అవసరం లేదన్న సంస్థ ప్రకటనను నమ్మి ఊరుకోదు. అందుకే నియమం సడలిన తరువాత కూడా దక్షిణాది పట్టణాల్లో లేఖల కోసం అడగడం పూర్తిగా ఆగలేదు. లేఖలు స్వీకరించబోమని కచ్చితంగా తలుపు మూసిన సంస్థకూ, కావాలంటే పంపవచ్చన్న సంస్థకూ మధ్య తేడా పైకి కనిపించేంత చిన్నది కాదు. మొదటిది నిజంగా పద్ధతిని మార్చింది, రెండోది పద్ధతిని అలాగే ఉంచి బాధ్యతను మాత్రం కుటుంబాల మీదికి నెట్టింది.

నల్లజాతి మహిళల సోరోరిటీలలో సిఫారసు కథ వేరు. 1908లో హోవర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆల్ఫా కప్పా ఆల్ఫా, 1913లో అక్కడే పుట్టిన డెల్టా సిగ్మా థీటా వంటివి 1930లో ఏర్పడ్డ వేరే సమాఖ్యకు చెందినవి. వీటిలో ఆగస్టు వారపు పరుగులు, స్టేడియం హంగామా లేవు. చదువు ముగించిన స్త్రీలు కూడా పట్టభద్రుల చాప్టర్ల ద్వారా కొత్తగా చేరవచ్చు, చందాలు చెల్లిస్తూ క్రియాశీలంగా ఉన్న సభ్యురాలి సిఫారసుకు అక్కడ విలువెక్కువ. ఇక్కడా పరిచయమే ప్రవేశపత్రం, ఇక్కడా అన్యాయాలు జరగవచ్చు. కానీ చేరగోరే స్త్రీ సేవ, నడవడి ఏళ్ల తరబడి చూసిన మనిషే సాధారణంగా రాస్తుంది కనుక, లేఖలోని మాటలకూ దాని విలువకూ మధ్య దూరం తక్కువ. హోవర్డ్‌లోనే చదివి ఆల్ఫా కప్పా ఆల్ఫాలో చేరిన కమలా హారిస్ 2020లో ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు, ఆ సంఘపు పూర్వ సభ్యురాళ్ల బలగం ఎంతటిదో దేశం చూసింది.

టెక్సస్, జార్జియా, ఉత్తర కరోలినా రాష్ట్రాల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ వ్యవహారం దూరపు సంగతి కాదు. గుంటూరులోనో వరంగల్‌లోనో ఇంజనీరింగ్ చదివి అమెరికాలో ఎం.ఎస్. చేసిన తల్లికి మార్కుల పరీక్షలూ కటాఫ్ ర్యాంకులూ కొట్టినపిండి. కూతురు డాలస్ శివారు హైస్కూల్లో మొదటి శ్రేణిలో ఉంటే కళాశాలలో అన్ని తలుపులూ తెరుచుకుంటాయనే ఆమె అనుకుంటుంది. పై చదువుల కోసం వచ్చిన ఆవిడకు అండర్‌గ్రాడ్యుయేట్ సోరోరిటీలతో పనిపడి ఉండదు, కనుక పరిచయాల పట్టికలో ఆమె వైపు నుంచి రాయగల పేర్లు ఒకటీ అరా కూడా కష్టం. దక్షిణాసియా మూలాలున్న విద్యార్థినులు సొంత సోరోరిటీలు పెట్టుకోవడానికి కారణాల్లో ఇలాంటి పరాయితనం కూడా ఒకటనుకోవచ్చు. 1998లోనే మూడు పుట్టాయి: ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో కప్పా ఫై గామా, హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో డెల్టా ఫై ఒమేగా, న్యూయార్క్‌లోని సెయింట్ జాన్స్ విశ్వవిద్యాలయంలో సిగ్మా సిగ్మా రో. అక్కడ చేరడానికి అమ్మమ్మ పేరు అక్కరలేదు.

పాన్‌హెలెనిక్ సోరోరిటీలలోనే చేరిన వలస కుటుంబాల అమ్మాయిలు కూడా ఉన్నారు, వారి సంఖ్య పెరుగుతోంది. పాత నియమాలే ఉండి ఉంటే, అపరిచితుల గుమ్మాలు తొక్కి లోపలికి వెళ్లిన ఆ మొదటి అమ్మాయి వల్ల ఆమె చెల్లెలికి లెగసీ హోదా దక్కేది, ఆమె పూర్వ సభ్యురాలయ్యాక తన ఊరి పిల్లలకు లేఖలు రాయగలిగేది, మరో పాతికేళ్లకు ఆమె కూతురికి ఆ పట్టికలో ఒక గడి ముందే నిండి ఉండేది. సరిగ్గా వీరికి అక్కరకు వచ్చే వేళకు ఆ సౌకర్యాలు రద్దయ్యాయి. అంతకాలం వాటివల్ల లాభపడినవారు మాత్రం తమ కూతుళ్లకు వాటితో ఇక పెద్దగా పని లేనంతగా నిలదొక్కుకున్నాకే రద్దయ్యాయి. అసమానతను తొలగించడానికి నియమాన్ని తీసేయడం ఒక పద్ధతి. లేఖ రాయగలిగినవారి వర్గం విస్తరించేదాకా నియమాన్ని ఉంచి, లేఖ దొరకనివారికి చాప్టరే ఒక సభ్యురాలిని అప్పగించి ఆమెతో విచారింపజేయడం మరో పద్ధతి. తప్పనిసరి సిఫారసు రోజుల్లోనూ, చాప్టర్‌కు ఒక అమ్మాయి బాగా నచ్చి ఆమెకు లేఖ లేకపోతే, సభ్యులే ఎవరో పూర్వ సభ్యురాలిని పట్టుకుని రాయించుకునేవారు. అంటే లేఖ లేకపోవడం ఎన్నడూ దాటరాని అడ్డంకి కాదు. కావలసిన మనిషి విషయంలో అది ఒక ఫోనుతో తీరిపోయే లోటు, అక్కరలేని మనిషి విషయంలో అదే ముగింపు.